నేను సిఫార్సు చేసిన ఎర్రట్ట పుస్తకం

"సత్తెమ్మా, మళ్ల నేనొచ్చేటాల్లకు ఇంకో పుస్తకం తీసి పెట్టు. కథ చెప్తా."

"చదివి చెప్తవా బాపూ, పట్టుకొని చెప్తవా?"

"నీ చాయ్ ఎట్లుంటే గట్ల!"

కిషన్ బాపుకూ నాకూ నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆ సాయంత్రమే కూతురొచ్చి ఆయన్ని జహీరాబాద్ తీసుకుపోయింది. అక్కడే ఒక మధ్యాహ్నం అన్నం తిని, ఉర్దూ పేపరు గుండెల మీద పరుచుకుని పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. అయ్యో పాపం అనకండి. జనాన్ని ఏడిపించడం ఆయన చేసిన కొలువు. మనం ఏడిస్తే "నా పని నువ్వెందుకు చేస్తున్నవ్?" అని పైనుంచే దబాయిస్తాడు.

నేను చెప్పబోయేది ఏడుపు ముచ్చట కాదు. మాదన్నపేటలో, నిండు ఎండాకాలంలో, నలభై గొంతులు గలగలలాడుతున్న సభలో నా పరువును నేనే ఉల్లిగడ్డ ఒలిచినట్టు పొర పొరా ఎలా ఒలుచుకున్నానో చెబుతాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు కదా. నాకు చదవకుండానే పోయింది.

మా ఆయన గ్రంథాలయంలో అటెండరు. ఆయన పోయాక ఆ కొలువు నాకిచ్చారు. ఊడవడం, బీరువాల దుమ్ము దులపడం, కూలరులో నీళ్ళు పోయడం, అందరికీ చాయ్ పెట్టడం నా పని. అక్షరాలతో నాది దూరపు చుట్టరికం. నా సంతకంలో ఉన్న అక్షరాలు ఎక్కడ కనబడినా గుర్తుపడతాను, పలకరిస్తాను. మిగతావాళ్ళెవరో, ఎవరి తాలూకో నాకు తెలియదు.

ఆ సంగతి ఒప్పుకుంటే గొడవే ఉండేది కాదు. కానీ మా ఆడబిడ్డ యాదమ్మ ఉంది కదా. మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది. కత్తిపీట ముందు కూర్చుంటుంది కానీ కోయడానికి దానితో పని లేదు, నోరు చాలు. కొలువులో చేరిన కొత్తలో అందరి ముందూ అడిగింది: "వదినె, పుస్తకాల నడుమ కొలువు దొరికింది. చదువస్తదా, దుమ్మొస్తదా?" నాకు రోషం పొడుచుకొచ్చింది. "రెండూ వస్తయ్" అన్నాను. అంతే. ఆ ఒక్క మాటను నిలబెట్టుకోవడానికి ఏళ్ళ తరబడి తిప్పలు పడ్డాను. బస్సెక్కితే బోర్డుల వైపు చూసి పెదాలు కదిపేదాన్ని. పెళ్ళిపత్రిక చేతికిస్తే "అబ్బో!" అని మడిచి పెట్టేదాన్ని. పెళ్ళిపత్రికకు అబ్బో అంటే సరిపోతుంది. ఒకసారి దశదిన కర్మ పత్రికకు కూడా అబ్బో అన్నాను. అది వేరే కథ.

ఆ ఏడు మాకు కొత్త లైబ్రేరియన్ మేడం వచ్చింది. కాకినాడ వైపు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది, మెత్తగానే పని చేయిస్తుంది. ఎండాకాలం సెలవులు దగ్గరపడగానే మా అందరినీ పిలిచింది.

"చూడండీ, ఈ వేసవికి గుమ్మం ఎదురుగా ఒక బల్ల వేద్దాం. మనలో ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన పుస్తకం ఒకటి దానిమీద పెట్టాలి. అందులో ఒక చీటీ. ఎవరు చదవమంటున్నారో, ఎందుకు చదవమంటున్నారో రాయాలి. బల్ల తెరిచే రోజు బస్తీ వాళ్ళను పిలుద్దాం. ఎవరి పుస్తకం గురించి వాళ్ళు నాలుగు మాటలు చెప్పాలి."

"మనలో అంటే సార్లు, మేడంలేగద?" అన్నాను, చాయ్ కప్పులు ఎత్తుతూ.

"అదేంటి సత్తెమ్మా? రోజూ ప్రతి పుస్తకాన్నీ ముట్టుకునేది నువ్వు. నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?"

చూశారా! ఆ తల్లి నన్ను గౌరవించింది. అక్కడే "నాకు చదువు రాదు మేడం" అంటే అయిపోయేది. నేనేమన్నానో తెలుసా? "ఏది పెట్టాల్నో సమజైతలేదు మేడం, అన్నీ మంచియే" అన్నాను.

పుస్తకం ఎంచడం కూడా ఒక విద్యే. నేను నా పద్ధతిలో ఎంచాను. పలచని పుస్తకాలు పిల్లలవి. బొమ్మలున్నవి పిల్లలవి. పెద్దల పుస్తకమంటే బరువుండాలి, బొమ్మ ఉండకూడదు. అడుగు అరలో ఒకటి దొరికింది. అట్ట చిరిగిపోతే బైండింగు చేయించి ఎర్ర గుడ్డ అంటించారు. వీపు మీద పేరు ఎప్పుడో చెరిగిపోయింది. ఎత్తి చూశాను, గోధుమపిండి రెండు కిలోలంత ఉంది. లోపల ఒక్క బొమ్మ లేదు. ఇంత బరువున్నదాంట్లో ఎంత జ్ఞానముంటుందో అనుకున్నాను.

ఇక లోపల ఏముందో తెలియాలి. అప్పుడే కిషన్ బాపు గుర్తొచ్చాడు.

కిషన్ బాపు మా గ్రంథాలయానికి రోజూ వచ్చేవాడు. తెల్ల ధోతి, నల్ల కోటు, ఎండలైనా అదే కోటు. వయసులో ఉన్నప్పుడు కచేరీ బయట చెట్టు కింద కూర్చుని జనానికి ఉర్దూలో అర్జీలు రాసిచ్చేవాడు. ఆయన అర్జీ చదివితే కరకు అధికారులు కూడా జేబురుమాలు తీసేవారని బస్తీలో చెప్పుకుంటారు. పొద్దున తలుపు తీయగానే వచ్చి కూలరు ఎదుటి కుర్చీలో కూర్చుని ఉర్దూ పేపరు మొదలుపెడితే, ఆఖరి అక్షరం అయ్యేదాకా లేవడు.

నా తెలివి చూడండి. ఆ ఉర్దూ అక్షరాలు ఎట్లా ఉంటాయి? వంకరగా, తోకలతో, పైన చుక్కలు, కింద చుక్కలు, వానలో పురుగుల్లా ఉంటాయి. అంత కష్టమైనవి చదివే మనిషికి మన గుండ్రటి తెలుగు అక్షరాలు ఒక లెక్కా? పులిని ఆడించేవాడికి పిల్లి బరువా?

చాయ్‌లో అల్లం వేసి, పక్కన ఉస్మానియా బిస్కెట్లు పెట్టి, పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టాను.

"బాపూ, నా కండ్లు మసక కొడుతున్నయ్. ఇది జర చదివి ముచ్చట చెప్పు."

బాపు పుస్తకం వైపు చూశాడు. చాయ్ వైపు చూశాడు. బిస్కెట్ల వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇదా? మస్తు మంచి కితాబు ఇది. కూసో."

అట్ట తెరిచాడు. మనం తెరిచే వైపు కాదు, అవతలి వైపు నుంచి. పేజీలు కూడా వెనక నుంచి ముందుకు తిప్పుతున్నాడు.

"అదేంది బాపూ, ఆఖర్నుంచి చదువుతున్నవ్?"

"తెలివున్నోడు ముందు ఫైసలా చూస్తడు, తర్వాత కేసు చూస్తడు" అన్నాడు.

నాకు ఒళ్ళు పులకరించింది. ముందు తీర్పు, తర్వాత కేసు! చదువంటే ఇదీ అనుకున్నాను.

అలా రోజూ మధ్యాహ్నం చాయ్ వేళకు కొంచెం కొంచెం చెప్పేవాడు. రంగమ్మ అని ఒక ఆడమనిషి. మొగుడు పోయాడు. మరిది ఇల్లు కబ్జా చేసి, ఆమె పెట్టెను వీధిలో పడేశాడు. రంగమ్మ ఎక్కడికీ పోలేదు. ఆ పెట్టె మీదే, ఆ ఇంటి ముందే కూర్చుంది. ఎండలో కూర్చుంది, వానలో కూర్చుంది. పెద్దమనుషులు వచ్చి సగం తీసుకుని సర్దుకోమన్నారు. "సదరు రంగమ్మ ససేమిరా ఒప్పుకోనిదై, సదరు మరిది మొఖం మీద తలుపు చెక్క పగిలేటట్టు కేక వేసినదై..." అని చెప్పుకుపోయేవాడు. సదరు, సదరు అని ఎందుకంటున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. పెద్ద పుస్తకాల్లో భాష ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కానీ, పొరుగింటి ఏడుపు అంతకన్నా రుచి. చీపురు పట్టుకుని ఏడ్చేదాన్ని, నీళ్ళు చల్లే పని తప్పేది.

నా చేతిరాత బాగుండదని తప్పించుకుంటే, నా చీటీ రాయడానికి మేడమే కూర్చుంది.

"పుస్తకం ఏదీ సత్తెమ్మా?"

"ఎవరో చదువుతున్నరు మేడం. కథ నేను చెప్తా, మీరు రాయండ్రి."

చెప్పాను. మేడం కలం ఆగిపోయింది, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"శైలి చాలా కొత్తగా ఉందే! పేరేమిటి?"

పరుగున పోయి బాపును అడిగాను. బాపు పైకప్పు వైపు చూసి అన్నాడు: "రంగమ్మ రాజీ పడలేదు."

మేడం అదే రాసింది. కింద "చదివి కంటతడి పెట్టనివారు ఉండరు" అని తనే కలిపింది. "ఇంత మంచి నవల మన దగ్గరుందని నాకే తెలీదు" అని మెచ్చుకుంది. నేను సిగ్గుపడ్డాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నేను అడుసు తొక్కి, ఆ కాలితోనే పల్లకి ఎక్కాను.

బల్ల తెరిచే రోజు వచ్చింది. బస్తీ ఆడవాళ్ళు పిల్లలతో వచ్చారు. యాదమ్మ దుకాణం పక్కావిడకు అప్పజెప్పి మరీ వచ్చి ముందు వరసలో కూర్చుంది. పక్కన దాని కూతురు శ్రావణి. ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్న ఈ పిల్లే, అప్పుడు ఆరో తరగతి. కిషన్ బాపు తన కుర్చీలో తాను పేపరుతో ఉన్నాడు.

సార్లు ముగ్గురూ వాళ్ళ పుస్తకాల గురించి చెప్పారు. ఎండకు జనం ఆవులించారు. నా వంతొచ్చింది. ఎర్రట్ట పుస్తకాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని మొదలుపెట్టాను. పెట్టె వీధిలో పడేదాకా వచ్చేసరికి విసనకర్రలు ఆగిపోయాయి. వానలో కూర్చున్న దగ్గరికి వచ్చేసరికి ముక్కులు చీదుతున్నారు. "గప్పుడు మిట్ట మధ్యాహ్నం, మొఖానికి తువ్వాల కట్టుకొని ఒక మనిషి రంగమ్మ ముందట నిలవడ్డడు" అని చెప్పి ఆగాను. ఎందుకంటే బాపు నాకు అంతవరకే చెప్పాడు.

"ఎవడాడు?" అని ఒకామె.

"మొగుడే గావచ్చు! సావలేదేమో!" అని ఇంకొకామె.

"చెప్పు సత్తెమ్మక్కా, పాణం ఆగుతలేదు!"

"పుస్తకం ఎందుకుంది? తీస్కపోయి చదువుకోండ్రి" అన్నాను దర్జాగా.

యాదమ్మ లేచింది. "గంత దూరమెందుకు వదినె? గా ఒక్క పేజీ నువ్వే చదువరాదు?"

"కండ్లద్దాలు తేలే."

"నువ్వు అద్దాలెప్పుడు పెట్టుకున్నవ్?"

"పెట్టుకోను గద, గందుకే తేలే!"

జనం నవ్వారు. నేను గెలిచాననుకున్నాను. యాదమ్మ మాత్రం కూతురి వీపు మీద ఒకటి చరిచింది. "లేవ్వే శ్రావణీ. ఇంగ్లీషు బడి గాదు గద నీది. చదువు."

శ్రావణి నా చేతిలోంచి పుస్తకం తీసుకుని మధ్యకు తెరిచి, బడిలో ప్రార్థన చదివినట్టు గొంతెత్తింది:

"గుడ్లు పెట్టడం మానేసిన పెట్టను మంద నుండి వెంటనే వేరు చేయవలెను."

"రంగమ్మ ఏదీ?" అంది యాదమ్మ.

నా నాలుక నన్ను అడగకుండానే కదిలింది. "గదే రంగమ్మ ముచ్చట! పిల్లలు కాలేదని మరిది ఎల్లగొట్టిండు గద. సీదా చెప్తే బాగుండదని రాసినాయన కోళ్ళ మీద పెట్టి చెప్పిండు."

"అబ్బ! ఎంత ఉపాయంగ చెప్పిండు!" అని వెనక వరసలో ఒకామె కళ్ళు తుడుచుకుంది. దేవుడు ఆమెను చల్లగా చూడాలి.

శ్రావణి చదివింది: "ముక్కు చివర కత్తిరించిన కోళ్ళు ఒకదానినొకటి పొడుచుకొనవు."

"తోడికోడళ్ళు!" అన్నాను.

"నిజమే తల్లీ!" అని నాలుగు గొంతులు పలికాయి. మా బస్తీలో తోడికోడళ్ళు ఎక్కువ.

నాకు ధైర్యం వచ్చింది. ఇలాగే పుస్తకమంతా దాటేయొచ్చు అనుకున్నాను. శ్రావణి పేజీ తిప్పింది.

"కోళ్ళకు తెల్లని నీళ్ళ విరేచనములు అగుచున్నచో..."

యాదమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దీనికేంది వదినె అర్థం?"

దానికి అర్థం నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా ఉండదు. సాయం కోసం కిషన్ బాపు వైపు చూశాను. ఆయన పేపరు దించి శ్రావణి వైపు చూస్తున్నాడు. నా నోరు ఎంత తెరుచుకుందో, ఆయన నోరు అంతకు జానెడు ఎక్కువ తెరుచుకుంది. అప్పుడు తెలిసింది నాకు. ఆ పుస్తకంలో కోళ్ళున్నాయని ఆయనకు కూడా ఇప్పుడే తెలుస్తోంది! నా చూపు పడగానే గబుక్కున పేపరు వెనక దాక్కున్నాడు. పేపరు గజగజ వణుకుతోంది.

మేడం వచ్చి పుస్తకం అందుకుని, మొదటి పేజీ తీసి, మెల్లగా చదివింది: "కోళ్ళ పెంపకము. రైతులకు సూచనలు." నా వైపు తిరిగింది. "సత్తెమ్మా, నీకు ఈ కథ చదివి చెప్పిందెవరు?"

ఒక్క పేరు చెబితే నేను బయటపడతాను. కానీ ఆ పేపరు వణుకు చూస్తూ ఎలా చెప్పను? బస్తీలో పిల్లలకు పేరు పెట్టాలన్నా, పంచాయితీ తీర్చాలన్నా "చదువుకున్నాయన" అని ఆయన దగ్గరికే పోతారు. ఈ వయసులో ఆ మాట పోతే ఆయన ఆ కుర్చీలోకి మళ్ళీ రాడు. నాకు పోయేదేముంది? ఒక అబద్ధం పోతుంది. అదీ పాతబడిపోయిన అబద్ధం.

"ఎవ్వలు చెప్పలేదు మేడం. నాకు చదువు రాదు. సంతకం తప్ప ఏమీ రాదు. కథ నేనే కల్పించిన."

యాదమ్మ కొంగు కిందికి జారింది. నాకు ఒక్కసారి ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. త్యాగమూర్తిలా తల వంచుకుని నిలబడ్డాను. ఇంకొంచెం సేపు అలాగే ఉంటే నా మీద నాకే ఏడుపు వచ్చేది.

అప్పుడు పేపరు టప్పుమని కింద పడింది.

"ఝూట్!" అని అరిచాడు కిషన్ బాపు. కుర్చీలోంచి లేచి, కర్ర ఊపుతూ వస్తున్నాడు. "అంత ఝూట్! రంగమ్మ నాది! నా కథ మీద నువ్వెట్ల కబ్జా చేస్తవ్ సత్తెమ్మా?"

"బాపూ, నీ పరువు కోసమే..."

"పరువు గంగల కలవనీ! తువ్వాల కట్టుకున్నోణ్ణి కూడ నీ ఖాతాల ఏసుకుంటవా? మేడం, రాసుకోండ్రి. నాకు తెలుగు ఒక్క ముక్క రాదు. నేను చదివింది ఉర్దూ బడిల. అయితే ఏంది? గా కథ మాత్రం ఫస్టుకెల్లి నాది!"

"మరి రాదని ముందుగాల చెప్పొద్దా?" అన్నాను, నాకూ కోపమొచ్చింది.

"అడిగినవా? అల్లం చాయ్ పెడితివి, ఉస్మానియా బిస్కెట్లు పెడితివి. గట్ల లంచం పెట్టినంక మనిషి ఏమంటడు?"

"మరి వెనకకెల్లి తిప్పిందేంది? ఫైసలా, కేసు అంటివి?"

"ఉర్దూ కితాబు గట్లనే తిప్పుతరు! చేతికి అలవాటు!"

మేడం పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. భుజాలు ఎగురుతున్నాయి, నవ్వుతోంది. ఆ నవ్వు ముందు వరసకు పాకి, వెనక వరసకు పాకి, కిటికీలోంచి గల్లీలోకి పోయింది. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందంటారు. అక్కడ గుడ్డూ, పిల్లా, కోడీ అంతా కలిసి నన్ను వెక్కిరించాయి. యాదమ్మ నవ్వి నవ్వి, నా చెయ్యి పట్టుకుంది. "నాకూ రాదు గద వదినె. నేను రోజు మార్కెట్ల నిలవడి చెప్పుకుంటున్ననా? గింతదానికి ఇన్నేండ్లు పెదాలు కదుపుకుంట తిరిగినవా?" అంటే, పెదాల సంగతి దానికి ముందే తెలుసన్నమాట!

"అదంతా సరే గని బాపూ," అంది వెనక వరసామె, ఇంకా ముక్కు తుడుచుకుంటూ, "తువ్వాల కట్టుకున్నోడు ఎవడు?"

కిషన్ బాపు కర్ర పక్కన పెట్టాడు, కోటు సర్దుకున్నాడు, నా కుర్చీలో కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం ఎవరూ ఇంటికి పోలేదు. తువ్వాల మనిషి ఎవరో చెప్పడానికే ఆయన ఎండాకాలమంతా తీసుకున్నాడు.

ఇక అసలు దెబ్బ వినండి. మేడం బల్ల మీద పెట్టిన గొప్ప గొప్ప నవలలన్నీ సెలవులైపోయేదాకా బల్ల మీదే దుమ్ము పట్టాయి. దులిపింది నేనే, నాకు తెలుసు. ఎర్రట్ట పుస్తకం మాత్రం ఒక్క రోజు కూడా బల్ల మీద నిలవలేదు. ముందు యాదమ్మ తీసుకుపోయి కూతురితో చదివించుకుంది. తర్వాత వెనక వరసామె. తర్వాత ఆమె తోడికోడలు. వానలు పడేసరికి మా గల్లీలో ఏ డాబా మీద చూసినా కోళ్ళే. యాదమ్మ టమాటాల పక్కన గుడ్ల గంప పెట్టింది. మేడం పైవాళ్ళకు పంపే కాగితంలో, ఈ వేసవిలో జనం అన్నిటికన్నా ఎక్కువగా తీసుకుపోయిన పుస్తకం ఏదంటే ఇదీ అని, సిఫార్సు చేసినది అటెండరు సత్తెమ్మ అని నిజమే రాయాల్సి వచ్చింది.

అందుచేత, మాదన్నపేటలోని సమస్త కోళ్ళ సాక్షిగా, అవి పెట్టిన, పెట్టబోయే గుడ్ల సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. నేను చదవని పుస్తకాన్ని ఇక ఈ జన్మలో ఎవరినీ చదవమని చెప్పను. నేను చదివిన పుస్తకమంటూ ఒక్కటీ లేదు కాబట్టి, ఈ ఒట్టు తప్పే భయం నాకు బొత్తిగా లేదు.

రాసినవా శ్రావణీ? ఏదీ, ఒక్కసారి చదివి వినిపించు. ఉన్నదున్నట్టు చదువు బిడ్డా. యాడన్న బాగలేకుంటే మాత్రం నువ్వే ఏదన్న కల్పించి చెప్పు, నాకేమన్న తెలుస్తదా ఏంది?